ఈపీఎస్ పింఛను: ముందే తీసుకోవాలా, ఆగాలా?

(ఉద్యోగుల పింఛను పథకం, 1995 కింద పింఛను 58 ఏళ్లకు వస్తుంది. ఉద్యోగం మానేసినవారు 50 నిండాక, తక్కువైన ప్రతి ఏడాదికీ 4 శాతం కోతతో, ముందే తీసుకోవచ్చు. 60 వరకు ఆగితే ఏడాదికి 4 శాతం చొప్పున పెరుగుతుంది. ఎప్పుడు మొదలుపెట్టడం మేలన్నదే చర్చ.)

వాది: వీలు కలగగానే తీసుకోవాలని నా వాదన. లెక్కకు వచ్చే జీతం 15,000 రూపాయలు, సర్వీసు 28 ఏళ్లు అనుకుందాం. జీతాన్ని సర్వీసుతో గుణించి 70తో భాగిస్తే 58వ ఏట నెలకు 6,000 వస్తుంది. 57కే తీసుకుంటే 5,760. తగ్గేది నెలకు 240. ఆ ఒక్క ఏడాదిలో చేతికి అందేది 69,120. ఈ మొత్తాన్ని 240 చొప్పున పూడ్చుకోవడానికి 24 ఏళ్లు పడుతుంది కనుక, ఆగినవారు ముందు తీసుకున్నవారిని 82వ ఏట గాని అందుకోలేరు.

ప్రతివాది: గుణకారంలో తప్పు లేదు గాని, మీరు మీకు అనువైన ఏడాదినే ఎంచుకున్నారు. 50కే తీసుకుంటే పావు వంతుకు పైగా పింఛను జీవితాంతం పోతుంది. ఆగినవారు అందుకునే వయసు కూడా 80 లోపుకే దిగివస్తుంది. పైగా పింఛనుదారు మరణిస్తే భార్యకు వచ్చేది ఆయన తీసుకుంటున్న దానిలో సగం. అంటే ఆయన తొందర ఖరీదును ఆమె కూడా చెల్లించాలి.

వాది: ఈ పింఛనుకు ప్రభుత్వోద్యోగుల మాదిరిగా కరువు భత్యం లేదన్న సంగతి మరిచారు. నేటి 6,000 ఇరవై ఏళ్ల తర్వాతా 6,000గానే ఉంటే, అప్పుడు అదనంగా వచ్చే 240 దేనికి సరిపోతుంది? ధరలు పెరగకముందే చేతిలో పడిన రూపాయికే విలువ.

ప్రతివాది: నేనూ ఆ కారణంతోనే ఆగమంటున్నాను. తనంతట తాను పెరగని పింఛనుకు మొదటి రోజున ఖాయమైన అంకే సర్వస్వం. ముందుగా వచ్చిన 69,120ని ఖర్చు చేయకుండా బ్యాంకులో దాచుకున్నవారిని ఎందరిని చూపగలరు?

వాది: దాచనక్కరలేదు, అప్పు తీరిస్తే చాలు. 55 ఏళ్లకు ఉద్యోగం పోయి, రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పుతో ఉన్నవారికి ఏడాదికి 24 శాతం భారం పడుతుంది. దాని ముందు 4 శాతం కోత ఏపాటిది?

ప్రతివాది: అది అవసరం, దాన్ని అందరికీ సూత్రం చేయకండి. 60 దాకా ఆగమని మాత్రం నేనూ చెప్పను. రెండేళ్లలో 1,44,000 వదులుకుంటే నెలకు పెరిగేది సుమారు 480; అది పూడేసరికి 85 వస్తుంది. నేను 58 దగ్గరే నిలబడతాను.

వాది: అప్పు లేనివారి విషయంలో ఒప్పుకుంటాను, భార్య వయసులో బాగా చిన్నదైతే మరీనూ. 50 నిండగానే పింఛను దరఖాస్తు అయిన ఫారం 10-డి పట్టుకుని బయలుదేరేవారిని ఇకపై నేనూ వారిస్తాను. 57లో వెళ్లేవారిని మీరు ఆపకండి.