దోసె పెనానికి బెజ్జాలు కొడతామా?

మా మేనల్లుడు కారు ముందు చక్రాలకు కొత్త బ్రేకు డిస్కులు వేయించాలని నెల్లూరు ఆటోనగర్‌లో బేరం కుదుర్చుకుని, డబ్బు కట్టే ముందు నాకు ఫోటో పంపాడు. నల్లటి పూత, వరస తీరిన బెజ్జాలు, వాటి మధ్య వంపు తిరిగిన గాడులు. చూడముచ్చటగానే ఉంది. వద్దన్నాను.

వాడు అడిగింది చిన్న ప్రశ్న. ఆదివారాలు స్నేహితులతో కలిసి శ్రీపెరుంబుదూరు దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్‌కు వెళ్తాడు. మిగతా రోజులు ఉద్యోగం కోసం నెల్లూరు, ఒంగోలు మధ్య జాతీయ రహదారి మీద తిరుగుతాడు. రెండింటికీ పనికొచ్చే డిస్కు ఏది? బరువైన, సాదా, మంచి పోత ఇనుప డిస్కు. మిగిలిన డబ్బు ప్యాడ్లకు (కేలిపర్ అనే బిగింపులో కూర్చుని డిస్కును రెండు వైపులా నొక్కి పట్టేవి ఇవే), బ్రేక్ ఆయిల్‌కు.

ఎందుకో తెలియాలంటే కారందోసె వేసే చోటికి వెళ్లి పెనం చూడాలి. అంత మందం ఎందుకు? పిండి పడగానే చల్లారిపోకూడదు, మంట ఎగసినంత మాత్రాన దోసె మాడకూడదు. బరువైన ఇనుము వేడిని నిదానంగా తీసుకుని తనలో దాచుకుంటుంది. బ్రేకు డిస్కు బతుకూ అదే. 1,200 కిలోల కారును గంటకు 100 కిలోమీటర్ల వేగం నుంచి పూర్తిగా ఆపితే పుట్టే వేడి లీటరున్నర నీళ్లను మరుగు పట్టిస్తుంది. అందులో ఎక్కువ వాటా ముందు డిస్కులదే. ఆ రెండూ కలిపి 12 కిలోలుంటే, ఆపిన ప్రతిసారీ సుమారు 60 డిగ్రీలు వేడెక్కుతాయి. రోడ్డు మీద మళ్లీ బ్రేకు తొక్కేలోపు గాలి తగిలి చల్లారతాయి. ఇరుంగాట్టుకోట్టైలో 3.7 కిలోమీటర్ల చుట్టులో 12 మలుపులు. ఒక వేడి దిగకముందే మరో వేడి ఎక్కుతుంది. అలాంటి చోటికి తీసుకెళ్లే డిస్కుకు బెజ్జాలు కొట్టడమంటే, వేడిని మోయాల్సిన ఇనుమునే తవ్వి పారబోయడం.

బెజ్జాలు పుట్టడానికి ఒకప్పుడు కారణం ఉంది. పాతకాలపు ప్యాడ్లు బాగా వేడెక్కితే వాయువులు వదిలేవి. అవి ప్యాడుకూ డిస్కుకూ మధ్య చిక్కుకుని పట్టు తప్పించేవి. ఆ వాయువులు పోవడానికి దారి కావాలని బెజ్జాలు పెట్టారు. ఇప్పటి ప్యాడ్లకు ఆ జబ్బు చాలావరకు లేదు. రోగం పోయినా మందు సీసా అలమరలోనే ఉండిపోయింది, పైగా అందమైన సీసా! ట్రాక్ నుంచి వచ్చిన ఒక కారు చక్రం విప్పినప్పుడు దగ్గరుండి చూశాను. బెజ్జం అంచున వెంట్రుకంత గీత మొదలై పక్క బెజ్జం వైపు సాగుతోంది. గోరు పెట్టి గీస్తే తగిలింది. గోరుకు తగిలే పగులుతో ఆ పెద్దమనిషి ఇంటిదాకా నడుపుకుంటూ వచ్చాడు.

ఖరీదైన విదేశీ స్పోర్ట్స్ కార్లకు కంపెనీలే బెజ్జాల డిస్కులిస్తున్నాయి కదా అంటారు. ఇస్తున్నాయి. వానలో తొలి పట్టు కాస్త త్వరగా దొరుకుతుందన్నదీ అబద్ధం కాదు. అయితే ఆ కంపెనీలు పోయే ఇనుమును లెక్కవేసి డిస్కునే పెద్దది చేసుకుంటాయి. మన కారుకు ఉన్న కొలతలోనే బిగించే డిస్కుకు ఆ వెసులుబాటు ఎక్కడిది? గాడుల మీద నాకంత కోపం లేదు. అవి ప్యాడు ముఖాన్ని గీకి శుభ్రంగా ఉంచుతాయి. తరచూ ట్రాక్‌కు వెళ్లేవాడు ప్యాడ్లు త్వరగా అరగడానికీ, కొంత చప్పుడుకీ సిద్ధపడి కొంటే కొనుక్కోనివ్వండి.

రామాయణంలో పిడకల వేట అనుకోకపోతే ఒక మాట. పైన కనిపించే గాడుల వాలు చూసి ఇది కుడి, ఇది ఎడమ అని బిగిస్తుంటారు. చూడాల్సింది డిస్కులోని రెండు పలకల మధ్య, లోపలున్న గాలి రెక్కలను. అవి వంపు తిరిగినవైతే, చక్రం తిరిగే దిశకు వెనక్కి వాలి ఉండాలి. అప్పుడే మధ్యలోంచి గాలిని లాగి బయటికి విసురుతాయి.

ఇక బ్రేక్ ఆయిల్. పెడల్ మీది ఒత్తిడిని గొట్టాల గుండా ప్యాడ్ల దాకా చేర్చేది ఇదే. డిస్కు మీద వేలు పోసేవాళ్లు దీన్ని తలవను కూడా తలవరు. ఇది గాలిలో తేమను పీల్చుకుంటుంది, మనదేమో సముద్రపు గాలి. డాట్ 4 అనే రకం ఆయిల్ కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. నీరు చేరాక ఆ హద్దు 155కి పడిపోతుంది. మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు పుడతాయి, పెడల్ దూదిలా లోపలికి పోతుంది. శ్రీశైలం నుంచి దోర్నాలకు ఘాట్ దిగుతూ నా పాదం కింద అది జరిగింది. రెండో గేరులోకి దించి, ప్రాణాలు అరచేత పట్టుకుని పక్కకు ఆపాను. తర్వాత తీయిస్తే ఆయిల్ కాఫీ డికాషన్ రంగులో ఉంది. నా డిస్కులకు ఏ లోపమూ లేదు.

డిస్కు వంకతో నేను చెప్పదలచుకున్నది మరొకటి. కారు కొనేటప్పుడు మైలేజీ అడుగుతాం, తెర ఎన్ని అంగుళాలో అడుగుతాం. వంద వేగంలో బ్రేకు తొక్కితే ఎన్ని మీటర్లలో ఆగుతుందని అడిగినవాణ్ణి నేను చూడలేదు. నా లైసెన్సు పరీక్షలో ఎనిమిది అంకె వేయించారు, రివర్సు చేయించారు. ఒక్కసారైనా గట్టిగా బ్రేకు తొక్కించలేదు. గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ పనిచేస్తే పెడల్ పాదాన్ని ఎదురు తంతుందని చాలామందికి మొదటిసారి తెలిసేది కావలి దగ్గర గేదె అడ్డొచ్చినప్పుడే. ఏదో విరిగిందనుకుని కాలు తీసేస్తారు, తీయకూడని క్షణంలో. లైసెన్సు ఇచ్చేముందు ఖాళీ మైదానంలో నిండు వేగం నుంచి ఒక్కసారి ఆపించడానికి ఎంత ఖర్చవుతుంది? ఆరు వరసల రోడ్లు వేసుకునే స్తోమత ఉన్నవాళ్లకు అది బరువా?

చివరికి మేనల్లుడితో నేనూ కొట్టుకు వెళ్లాను. పెట్టె మీద రంగు, కారు పేరు, ధర ఉన్నాయి. బరువు లేదు. తూచి చూపించమన్నాను. పక్కనున్న పాత ఇనుము కొట్టు కాటా మీద బెజ్జాల డిస్కు, సాదా డిస్కు ఒకదాని తర్వాత ఒకటి పెట్టారు. బెజ్జాలది దాదాపు అర కిలో తక్కువ తూగింది.

"బరువు అడిగినవాళ్లు మీరే సార్," అన్నాడు కొట్టతను.

మావాడు సాదా డిస్కులే తీసుకున్నాడు. కారెక్కబోతూ, "మామయ్యా, కేలిపర్లకు ఎర్ర రంగైనా వేయించుకోనా?" అన్నాడు. వేయించుకోమన్నాను.