సందు దొరికితే దూర్చెయ్

నాకు ఆటిజం ఉందని 29 ఏళ్లకి తెలిసింది. డ్రైవింగ్ నేర్చుకోవాలన్న బుద్ధి 31కి పుట్టింది. ఎల్‌ఎల్‌ఆర్‌కి పెట్టే ఫారం 1లో, 25 మీటర్ల దూరం నుంచి కారు నంబరు ప్లేటు ఆనవాలు పట్టగలరా అని ఉంటుంది కదా, అందరూ అవునని కొట్టేసి పోతారట. నేను మాత్రం దర్జీ టేపు పట్టుకుని (మీటరున్నర టేపు, అంటే పదహారు సార్లు, ఆ పైన ఒక మీటరు) వీధంతా కొలిచి, ఎదురింటి బాబాయిగారి కారుకేసి ఒక కన్ను మూసుకుని నిలబడ్డాను. ఆయన మా అమ్మకి ఫోన్ చేశారు.

మా డ్రైవింగ్ మాస్టారికి అన్నిటికీ ఒకటే మాట, కొట్టు. హారన్ కొట్టు, బ్రేక్ కొట్టు, లెఫ్ట్ కొంచెం కొట్టు. కొంచెం అంటే ఎన్ని డిగ్రీలు మాస్టారూ అని మొదటిరోజే అడిగాను. ‘కొంచెం అంటే కొంచెమేనమ్మా’ అన్నారు. రెండోరోజు నుంచి డాష్‌బోర్డు మీద తలనొప్పి బామ్ సీసా ఉంటోంది.

హారన్ అయితే నేను కొట్టను, ఆ మోత నాకు చెవిలో సూదిలా దిగుతుంది. కానీ విజయవాడలో హారన్ లేకుండా నడపడమంటే, పెళ్లిభోజనంలో నోరు తెరిచి అడక్కుండా రెండో గారె కోసం కూర్చోవడమే.

ఆరోరోజు సత్యనారాయణపురంలోంచి బీఆర్‌టీఎస్ రోడ్డెక్కాలి. పెద్దరోడ్డు మీద బళ్లకి ముందు దారివ్వాలి, అది రూలు. ఇచ్చాను. నలభై ఒక్క బళ్లు లెక్కపెట్టాను, వెనక ఆటోవాళ్లు మా వంశాన్ని తలుచుకుంటున్నారు. మాస్టారు ఓపిక పట్టి పట్టి, ‘సందు దొరికితే దూర్చెయ్ తల్లీ’ అన్నారు.

ఎడమ పక్కనే సందుంది. అద్దం చూశాను, ఇండికేటర్ వేశాను, హాఫ్ క్లచ్ మీద, ఒక్కసారి కూడా ఆగకుండా, నా జీవితంలోకెల్లా అందమైన మలుపు తిప్పాను. లోపల అడ్డంగా నులకమంచం, దాని మీద పాతచీర, చీర నిండా సగ్గుబియ్యం వడియాలు. మాస్టారు తన కాలికింది బ్రేకు తొక్కేసరికి బంపరు మంచాన్ని ముద్దుపెట్టుకుంది, నాలుగు వడియాలు బానెట్ మీదికొచ్చాయి. ఆ ఇంటి మామ్మగారు అట్లకాడతో బయటికొచ్చారు.

‘రివర్స్ వెయ్యమ్మా!’

‘రివర్స్ తొమ్మిదోరోజన్నారు కదా మాస్టారూ.’

మర్నాడు అదే మలుపు దగ్గర ఆయన గొంతు సవరించుకుని, ‘అమ్మా, రెండు బళ్ల మధ్య ఇరవై మీటర్ల ఖాళీ వచ్చాక మాత్రమే, మెల్లగా రోడ్డు మీదికి’ అన్నారు. హాయిగా అర్థమైంది. ఖాళీ కోసం చూస్తూనే ఉన్నాం. ఇరవై ఏం ఖర్మ, రెండు మీటర్లు కూడా రాలేదు, ఈలోపు క్లాసు టైమైపోయింది.