తోడు కావలెను

ఒంటరితనాన్ని అదుపు చేయడానికి బ్రిటన్ 2018లోనూ, జపాన్ 2021లోనూ ఏకంగా మంత్రులనే నియమించుకున్నాయి. లోకంలో ప్రతి ఆరుగురిలో ఒకరిని అది పీడిస్తోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో ప్రకటించింది. మన భీమవరం మాత్రం ఇంకా మేల్కొనలేదు. ఎదురింటివారిని ఉపగ్రహాల సాయంతో కనిపెట్టగల యాప్ ఒకటి తక్షణం తయారు కావాలని ఇందుమూలంగా మనవి చేస్తున్నాను.

పూర్వం గోదావరి జిల్లాల్లో ఈ పనికి అరుగు అనే మొరటు పరికరం ఉండేది. దానికి చార్జింగు, పాస్‌వర్డు అక్కరలేదు. అందువల్లనే కాబోలు, ఎవరు పడితే వారు దానిమీద చేరి, మీ ఇంట్లో ఏం కూర వండారో, పిల్లకు వచ్చిన సంబంధం ఎందుకు తప్పిపోయిందో మీ అనుమతి లేకుండానే కూపీ లాగేవారు. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లో తేల్చింది గానీ, అంతకు చాలా ముందే మనం అరుగులు కూలగొట్టి, ఆ జాగాలో కార్లు నిలుపుకుని, ఆ హక్కును సాధించుకున్నాం.

రెండో పరికరం పెరుగు తోడు. పాలు కాచాక చెంచాడు తోడు లేదని తెలిస్తే పిల్లవాణ్ణి పక్కింటికి తరిమేవారు. వాడు తోడుతోపాటు ఒక సున్నుండను, ఆ ఇంటి తగవులో సగభాగాన్ని కూడా పట్టుకొచ్చేవాడు. ఇప్పుడు పెరుగు ప్యాకెట్టే గుమ్మంలోకి వస్తోంది కనుక ఆ బెడద తీరింది.

యాప్ వచ్చేదాకా వాట్సాప్ గ్రూపే గతి. అందులో 1,024 మందికి చోటుంటుందట. మా నలభై ఇళ్ళకు ధారాళంగా సరిపోతుంది. పొద్దున పూలగుత్తులు, మధ్యాహ్నం ట్యాంకు కడుగుతున్నామన్న కబురు, రాత్రి మెయింటెనెన్సు బకాయిదారుల జాబితా, వెరసి సంఘజీవనానికి లోటేమీ లేదు. మొన్న రాత్రి ప్యాకెట్టు నిండుకోగా, "కాస్త తోడు కావాలండీ" అని అందులో రాశాను. ఇద్దరు నమస్కారం పెట్టారు. ఒకరు పెళ్ళిళ్ళ పేరయ్య నంబరు పంపారు. ఈ వయసులో ధైర్యం కోల్పోరాదని మరొకరు ఓదార్చారు. సంఘానికి సంబంధంలేని సంగతులు ఇక్కడ రాయరాదని కార్యదర్శిగారు మందలించారు. నేను క్షమాపణ రాసి పంపగానే ఎదురింటి తలుపు వెనక ఫోను టింగుమంది. మా గుమ్మాల మధ్య దూరం ఆరడుగులే కనుక స్పష్టంగా వినిపించింది. మరుక్షణం జవాబు వచ్చింది: "ఆయ్, మా దగ్గరుందండి. ఇంతకీ మీదే ఫ్లాటండి?"

నంబరు పంపాను. లొకేషన్ కూడా పెట్టమన్నారు.