పాత కారు యజమానుల కృతఘ్నత గురించి

కారుకు పదేళ్ళు దాటాక కంపెనీ సర్వీస్ సెంటర్ ఇచ్చే రిపేరు ఎస్టిమేట్ చూసి గుండె పట్టుకునేవారు, ఆ గుండె కాస్త కుదుటపడగానే డీలరును దోపిడీదారని తిట్టడం మొదలుపెడతారు. ఇది అన్యాయం. డీలరు పక్షాన మాట్లాడే నాథుడు లేడు కాబట్టి ఆ బాధ్యత నేను తీసుకుంటున్నాను. ఆ ఎస్టిమేట్‌లో తప్పేమీ లేదు. మనం అడిగిన ప్రశ్నకూ వారు చెప్పిన జవాబుకూ సంబంధం లేదు, అంతే. ముందు చక్రం దగ్గర వస్తున్న చప్పుడు పోవడానికి ఎంతవుతుందని మనం అడుగుతాం. ఈ బండిని ఫ్యాక్టరీ గేటు దాటిన రోజున ఉన్న స్థితికి తీసుకుపోవడానికి ఎంతవుతుందో వారు చెబుతారు. ఆ రెండో ప్రశ్న ఎవరూ అడగని మాట నిజమే గానీ, అడగకముందే జవాబు సిద్ధంగా ఉంచేవారిని దూరదృష్టి గలవారని మెచ్చుకోవాలి తప్ప నిందించకూడదు.

ఆ చప్పుడు సంగతే చూద్దాం. గతుకుల మీద నెమ్మదిగా వెళ్ళేటప్పుడు ముందువైపు నుంచి టకటకమని వినబడితే, చాలాసార్లు దానికి కారణం స్టెబిలైజర్ లింక్ రాడ్డు. మలుపుల్లో బండి ఒరగకుండా చూసే బారును చక్రం దగ్గరి సస్పెన్షన్‌కు కలిపే సన్నని కడ్డీ అది. రెండు చివర్లలో రెండు చిన్న బాల్ జాయింట్లు, వాటిని బిగించే రెండు నట్లు, ఇంతే దాని సంసారం. జాయింటు మీది రబ్బరు బూటు చిరిగి, లోపలికి నీరూ మట్టీ చేరి, గ్రీజు కొట్టుకుపోయి వదులవుతుంది. అనుభవమున్న మెకానిక్ బండి కిందికి దూరి చేత్తో పట్టుకుని ఊపి చూసి చెప్పేస్తాడు. అయితే చేత్తో ఊపి రోగం చెప్పడంలో హుందాతనం లేదు. అందుకని డీలరు కాగితంలో లింక్ రాడ్లతో పాటు చక్రాన్ని కింది నుంచి బండికి పట్టి ఉంచే రెండు లోయర్ ఆర్మ్‌లు, కుదుపులను మింగే రెండు స్ట్రట్లు, వాటి మౌంటింగులు, ఇన్ని విప్పి బిగించాక తప్పదు కాబట్టి వీల్ అలైన్‌మెంటు కూడా సపరివారంగా విచ్చేస్తాయి. ఒకవేళ లోయర్ ఆర్మ్‌లో నిజంగానే బుష్, అంటే కీలు దగ్గరి రబ్బరు తొడుగు, అరిగి ఉన్నా, పాత బుష్‌ను ప్రెస్సు మీద తీసి కొత్తది ఎక్కిస్తే సరిపోతుందని బయటి మెకానిక్‌కు తెలుసు. డీలరుకు తెలియదని కాదు. చాలా మోడళ్ళకు కంపెనీ పార్టుల జాబితాలో బుష్ విడిగా దొరకదు, ఆర్మ్ మొత్తంగానే దొరుకుతుంది. జాబితాలో లేని వస్తువు లోకంలోనూ లేనట్టేనని నమ్మగలగడానికి ఎంత సంస్థాగత విశ్వాసం ఉండాలి!

ఇక తనిఖీ పత్రం. బండిని లిఫ్టు మీదికి ఎక్కించి, డజన్లకొద్దీ అంశాలు పరిశీలించి, ఆకుపచ్చ, పసుపు, ఎరుపు అని మూడు రంగుల్లో ఇస్తారు. ఎరుపు అంటే వెంటనే మార్చాలి, ఆకుపచ్చ అంటే బాగుంది. ఈ రెండింటితో ఎవరికీ పేచీ లేదు. వ్యాపారమంతా పసుపులో ఉంది. పసుపు అంటే ఇప్పుడు బాగానే ఉంది గానీ ఎప్పటికైనా పాడవుతుందని అర్థం. ఈ నిర్వచనం ప్రకారం కారులోనే కాదు, కారు నడిపేవాడిలోనూ ఆకుపచ్చగా మిగిలేది ఏదీ లేదు. పదేళ్ళ రబ్బరు మీద వెంట్రుకవాసి పగుళ్ళు ఉంటాయి, పదేళ్ళ ఇంజిన్ గాస్కెట్ దగ్గర కాస్త నూనె చెమ్మ ఉంటుంది. చెమ్మకూ చుక్కకూ తేడా ఉంది. పైన తడిగా ఉండి కింద నేల పొడిగా ఉంటే కొంతకాలం కనిపెట్టుకుని ఉండవచ్చు. రాత్రి నిలిపిన చోట పొద్దున్నే మరక కనబడితే ఆలోచించాలి. ఈ తేడా చెప్పడానికి ఆ పత్రంలో గడి లేదు. పైగా పసుపు వరుసలన్నిటినీ సర్వీస్ అడ్వైజర్ ఒకే గొంతుతో, ఒకే వేగంతో, ‘మీ ఇష్టం సార్, సేఫ్టీ కాబట్టి చెబుతున్నాను’ అన్న ఒకే ముక్తాయింపుతో చదువుతాడు. వైపర్ బ్లేడుకూ బ్రేకు పైపుకూ సమాన గౌరవం దక్కే చోటు మరెక్కడా నాకు కనబడలేదు.

కూలి లెక్క మరింత ఉన్నతమైనది. ఏ పనికి ఎన్ని గంటలన్నది కంపెనీ ముందే పుస్తకంలో రాసి ఉంచుతుంది. పని తొందరగా అయినా బిల్లులో పుస్తకం గంటలే పడతాయి. తుప్పు పట్టిన బోల్టు విరిగి పూటంతా పోయినా, చాలాచోట్ల మెకానిక్‌కు దక్కేదీ ఆ గంటలే కాబట్టి, అతణ్ణి తిట్టడం వృథా. వింత ఎక్కడుందంటే, చాలా ఇంజిన్లలో, చల్లబరిచే నీటిని పారించే వాటర్ పంపును తిప్పేది, వాల్వులను పిస్టన్లతో లయ తప్పకుండా నడిపే టైమింగ్ బెల్టే. బెల్టు మార్చడానికి అంతా విప్పాక పంపు ఎదురుగానే ఉంటుంది, ఇంకొన్ని బోల్టులు తీస్తే చేతికి వస్తుంది. కానీ ఎస్టిమేట్‌లో బెల్టుకు పూర్తి గంటలు, పంపుకు పూర్తి గంటలు వేరువేరు వరుసల్లో ఉంటే, కాగితం మీద ఆ ఇంజిన్‌ను రెండుసార్లు విప్పి రెండుసార్లు బిగించారన్నమాట. ‘రెండు పనులకూ ఒకే విప్పడం కదా’ అని అడిగితే అడ్వైజర్ కంప్యూటర్ వైపు చూసి, ‘సిస్టమ్ అలాగే తీసుకుంటుంది సార్’ అంటాడు. ఆ తర్వాత ఇంకోసారి నిదానంగా అడిగితే అదే సిస్టమ్ ఆశ్చర్యకరంగా మనసు మార్చుకుంటుంది.

డాష్‌బోర్డు మీద ఇంజిన్ లైటు వెలిగితే కథ ఇంకా పైకి పోతుంది. 1996 మోడళ్ళ నుంచి అమెరికాలో అమ్మే కార్లన్నిటికీ బండి కంప్యూటర్ పట్టుకున్న లోపాన్ని చదవడానికి ఒకే తరహా సాకెట్టూ, ఒకే పద్ధతి కోడ్‌లూ తప్పనిసరి అయ్యాయి, తర్వాత మిగతా ప్రపంచమూ చాలావరకు ఆ దారినే పట్టింది. అందువల్ల చిన్న రీడర్ కొనుక్కుంటే ఎవరైనా కోడ్ చదువుకోవచ్చు. పి0420 అనే కోడ్ వచ్చిందనుకోండి. పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ పనితనం హద్దు కంటే తగ్గినట్టు కంప్యూటర్‌కు అనుమానం వచ్చిందని దాని భావం. కన్వర్టర్‌కు ముందూ వెనుకా ఉన్న ఆక్సిజన్ సెన్సర్ల సంకేతాలను పోల్చి కంప్యూటర్ ఆ అనుమానానికి వస్తుంది. వెనుక సెన్సర్ ముసలిదైనా, పొగగొట్టంలో ఎక్కడో సన్నని లీకు ఉన్నా అదే కోడ్ రావచ్చు. కన్వర్టర్ లోపల మాత్రం ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉంటాయి. కాబట్టి ఒక కారణం లోహపు గొట్టంలో చిల్లు, ఇంకో కారణం లోహాలలో రాజవంశం అయినప్పుడు అంచనా పత్రం ఏ వైపు మొగ్గుతుందో వేరే చెప్పాలా? అనుమానానికి ముందు పరీక్ష, పరీక్షకు తర్వాత పార్టు అనే క్రమం పాతకాలపు ఛాందసం.

ఇంజిన్ ఫ్లష్, ఇంజెక్టర్ క్లీనింగ్, ఏసీ డిసిన్ఫెక్షన్ వంటి సుగంధ ద్రవ్యాల గురించి ఎక్కువ చెప్పను. కారుతో పాటు వచ్చిన మాన్యువల్‌లోని సర్వీస్ పట్టికలో అవి ఉన్నాయేమో వెతికి చూసుకోవడం మంచి కాలక్షేపం.

అసలు నాటకం చివర్లో ఉంది. ఎస్టిమేట్ మొత్తం చదివాక అడ్వైజర్ గొంతు తగ్గించి, ‘బండి విలువే అంత లేదు సార్, దీని మీద ఇంత పెట్టడం ఎందుకు’ అంటాడు. అంతటి మొత్తం రాసిందీ ఆయనే, పెట్టవద్దని బతిమాలేదీ ఆయనే. సర్వీస్ కౌంటరుకూ కొత్త కార్ల షోరూముకూ మధ్య ఒక గాజు తలుపు మాత్రమే ఉండడం కేవలం కాకతాళీయం. పాత బండికి ఎంతిస్తారని అడిగితే, అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్నది ఎంత ఆచరణాత్మకమైన వాణిజ్య సూత్రమో అప్పుడు బోధపడుతుంది. రిపేరు ఖర్చును బండి అమ్మకం ధరతో పోల్చడం వినడానికి లెక్కలాగే ఉంటుంది గానీ, మనం బండిని అమ్మడం లేదు, నడుపుతున్నాం. పోల్చాల్సింది రాబోయే రెండు మూడేళ్ళు దీన్ని నడపడానికయ్యే ఖర్చునూ, అదే కాలంలో కొత్త బండి మింగే వడ్డీ, బీమా, తరుగుదల మొత్తాన్నీ. మొదటి ఏడాదిలోనే కొత్త బండి ధరలో పెద్ద ముక్క ఎగిరిపోతుంది. ఆ ముక్కతో ఎన్ని లింక్ రాడ్లు వస్తాయో ఆ గాజు తలుపుకు ఇటువైపు ఎవరూ లెక్క కట్టరు.

వ్యంగ్యం కాసేపు పక్కన పెట్టి ఒక్క మాట ఒప్పుకోవాలి. ఆ కాగితంలో నిజాలూ ఉంటాయి, వాటిని కూడా బేరంలో కలిపేసేవాడు మూర్ఖుడు. బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీలుస్తుంది. డాట్ 4 అనే రకం ద్రవానికి కొత్తగా ఉన్నప్పుడు కనీస మరుగుస్థానం 230 డిగ్రీల సెల్సియస్ ఉండాలని ప్రమాణం చెబితే, తేమ చేరిన తర్వాతి హద్దు 155 డిగ్రీలు మాత్రమే. ద్రవం మరిగితే బ్రేకు సరిగా పట్టదు. టైమింగ్ బెల్టుకు కిలోమీటర్ల గడువుతో పాటు ఏళ్ళ గడువు కూడా ఉంటుంది. అది తెగితే చాలా ఇంజిన్లలో వాల్వులు వెళ్ళి పిస్టన్లకు కొట్టుకుంటాయి, అప్పుడు డీలరు ఎస్టిమేట్ కాదు, సంతాప సందేశం పంపాలి. స్టీరింగు జాయింట్లు, లోయర్ ఆర్మ్ బాల్ జాయింటు, చాసిస్ తుప్పు ఇవేవీ పసుపు హాస్యాలు కావు.

మిగతావాటి విషయంలో కృతఘ్నులు కొన్ని నీచమైన పద్ధతులు అవలంబిస్తున్నారు. ప్రతి వరుసలో పార్టు ధర, కూలి గంటలు విడివిడిగా రాసిమ్మంటారు. బ్రేకు డిస్కు అరిగిందంటే ఎన్ని మిల్లీమీటర్లు ఉందని అడిగి, డిస్కు మీదే ముద్రించి ఉండే కనీస మందంతో సరిచూస్తారు. పార్టు నంబరు రాసుకుపోయి, కంపెనీకి అదే పార్టు తయారుచేసి ఇచ్చే సంస్థ తన సొంత డబ్బాలో అమ్మే దాన్ని వెతుకుతారు. కాగితాన్ని జేబులోనే ఉంచుకుని, చప్పుడును మాత్రమే ఇంకో గ్యారేజీకి వినిపిస్తారు. అన్నిటికంటే ఘోరం, తీసేసిన పాత పార్టులు తిరిగిమ్మంటారు. ఆ మాట పని మొదలుకాక ముందే అంటే, కొన్ని పార్టులు అక్కడికక్కడే ఇంకొన్నాళ్ళు నడవవచ్చుననే నిర్ణయానికి వస్తాయి.

అలాంటి కృతఘ్నుల్లో నేనూ ఒకణ్ణి. లింక్ రాడ్లు మాత్రం బయట వేయించుకున్నాను, చప్పుడు పోయింది. డీలరు రికార్డులో మాత్రం స్ట్రట్ల ఎదుట ‘యజమాని తిరస్కరించారు’ అని నమోదైంది. తర్వాత నూనె మార్పించడానికి అదే సర్వీస్ సెంటరుకు వెళితే, మునుపు ఎరుపులో ఉన్న ఆ స్ట్రట్లు కొత్త పత్రంలో పసుపులోకి వచ్చి ఉన్నాయి. మధ్యలో వాటిని ఎవరూ ముట్టుకోలేదు. వాడకం వల్ల స్ట్రట్లు అరుగుతాయని ఇంతకాలం చెబుతూ వచ్చిన ఇంజినీర్లు దీనికేం సమాధానం చెబుతారని అడ్వైజర్‌ను అడిగాను. ఆయన రెండు పత్రాలనూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసి, కారు వాష్ ఉచితంగా చేయించమంటారా అని అడిగాడు.