మంచం కింది అట్టపెట్టెలకు బహిరంగ లేఖ

మహారాజశ్రీ అట్టపెట్టెల వారికి,

నమస్కరించి రాయునది. నేను ఇక్కడ క్షేమం. మీ క్షేమం అడగక్కర్లేదు, రాత్రే లెక్కపెట్టాను. మంచం కింద ఎనిమిది, బీరువా వెనక మూడు, అటక మీద రెండు. ఇవి కాక, గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టిన పద్నాలుగోది. పెట్టెకు 50 కాపీల చొప్పున పదమూడు నిండు పెట్టెలు, పద్నాలుగోదానిలో 11. వెరసి 661. నా నవల మూడేళ్ళ కిందట అచ్చయింది 1000 కాపీలు. ఈ మూడేళ్ళలో నా రచన గురించి మొహమాటానికి కూడా అబద్ధం ఆడనిది మీరే. అందుకే మిగతా సలహాదారులందర్నీ పక్కనపెట్టి ఈ ఉత్తరం మీకు రాస్తున్నాను.

సలహాదారులకేం, కొదవ లేదు. రోజుకు వెయ్యి మాటలు రాయమన్నారు. తెల్లవారుజామున లేచి రాయమన్నారు. లేచాను, కూర్చున్నాను, కూర్చునే నిద్రపోయాను. విశేషణాలు తీసెయ్యమన్నారు. తీసేస్తే కథానాయకుడు మిగల్లేదు, వాడిలో ఉన్నవన్నీ విశేషణాలే. ‘చెప్పకు, చూపించు’ అన్నారు. ఆ సంగతి అందరూ నాకు చెప్పారే గానీ ఒక్కరూ చూపించలేదు. ఇంతమందిలో ‘ఎన్ని కాపీలు వేస్తున్నావు?’ అని అడిగినవాడు లేడు. ఆ ప్రశ్న మొదటిసారి వేసింది ప్రెస్సాయన. అప్పటికే ఆయన చేతిలో కాలిక్యులేటర్ ఉంది.

అక్కడే మీ పుట్టుక. ఆఫ్‌సెట్ అచ్చులో ప్లేట్లు చేయాలి, మెషీన్‌కు ఎక్కించాలి, రంగు కుదిరేదాకా కొన్ని కాగితాలు పాడుచేయాలి. వంద కాపీలకైనా వెయ్యికైనా ఈ తతంగం ఒకటే, దాని ఖర్చూ ఒకటే. అందుకని కాపీలు పెరిగేకొద్దీ ఒక్కో కాపీ మీద పడే భారం తగ్గుతుంది. ప్రెస్సాయన చీటీ మీద రెండు అంకెలు రాసి నా వైపు తిప్పాడు. పైన 300 వేస్తే కాపీకి ఎంత పడుతుందో, కింద 1000 వేస్తే ఎంత పడుతుందో. కింది అంకె పై అంకెలో సగానికి కాస్త ఎక్కువ. నాకు కళ్ళు చెమర్చాయి. ఇంత చవగ్గా వస్తుంటే 300 వేయించుకునే వెర్రివాడు ఎవడుంటాడు? నిజానికి నా భాగహారంలో తప్పేం లేదు. మొత్తం ఖర్చును 1000తో భాగించాను. భాగించాల్సింది 135తో అని మూడేళ్ళకు తెలిసింది. అమ్ముడుపోయినవి అవే మరి. ఆ లెక్కన చూస్తే ఒక్కో కాపీకి పడింది ఎంతో ఇంట్లో చెప్పలేదు. మీకూ చెప్పను, గోడకానుకునే ఉన్నారుగా.

పేజీల దగ్గర ఇంకో తమాషా. పుస్తకాన్ని 16 పేజీల ఫారాలుగా వేస్తారు. నా నవల 163 పేజీలు వచ్చింది. పది ఫారాలకు మూడు పేజీలు ఎక్కువ. అంటే పదకొండో ఫారం తెరవాలి, అంటే 176 పేజీలు. ఏడాదిపాటు ‘కొయ్యి, కొయ్యి’ అంటూ నా చేత పేజీలు కోయించిన లోకమే, చివరికి పదమూడు పేజీలు ఖాళీగా ఉన్నాయి, ఏదో ఒకటి ఇవ్వండి అంది. రెండో ముందుమాట తెచ్చి నాలుగు పేజీలు పూడ్చాను. ‘నా మాట’ను ఐదు పేజీలు సాగదీశాను. నా ఫొటో ఒక పేజీ. అయినా మూడు మిగిలాయి. వాటిని తెల్లగా వదిలేశాం. నవల మొత్తంలో అచ్చుతప్పుల్లేని పేజీలు అవే.

అలాగని ప్రూఫులు చూడలేదనుకోకండి. నాలుగుసార్లు చూశాను. రాసినవాడి కంటికి కాగితం మీద ఉన్నది కనిపించదు, తను రాయాలనుకున్నది కనిపిస్తుంది. 88వ పేజీలో మా కథానాయిక తండ్రి చావు కబురు విని ‘పన్నీరు తుడుచుకుంది’. నాకు నాలుగుసార్లూ కన్నీరే కనిపించింది. ఒక సమీక్షకుడు దాన్ని సరికొత్త ప్రతీక అని మెచ్చుకున్నాడు. నేను కాదనలేదు.

మీ వీపు మీద ఉన్న ఆ ఐ.ఎస్.బి.ఎన్., అదే పుస్తకం గుర్తింపు సంఖ్య, దాని సంగతి చూడండి. 2007 జనవరి 1 నుంచి దానికి 13 అంకెలు. చివరి అంకెకు వేరే పనేమీ లేదు, ముందున్న పన్నెండిటిలో తప్పు దొర్లిందేమో కనిపెట్టడమే. ఆ పన్నెండిటినీ వరుసగా ఒకదాన్ని 1తో, తర్వాతదాన్ని 3తో హెచ్చవేసి కూడాలి. ఆ మొత్తం తర్వాతి పదుల అంకెకు ఎంత తక్కువైతే అదే చివరి అంకె. ఒక్క అంకె తప్పుగా కొట్టినా లెక్క కుదరదు, మెషీన్ ఒప్పుకోదు. పన్నెండు అంకెలకు ఇంత కాపలా పెట్టిన మహానుభావులు 176 పేజీలకు ఒక అక్షరాన్నైనా కాపలా పెట్టలేకపోయారు. ఆ పని చేసే మనిషిని ఎడిటర్ అంటారట, డబ్బు తీసుకుంటాడట. ఆ డబ్బు మిగుల్చుకుని నేను నిగనిగలాడే కవర్ వేయించాను. ఇప్పుడు ఆ నిగనిగ మీ లోపల చీకట్లో ఎవరికి కనిపిస్తోందో మీరే చెప్పాలి.

ఆవిష్కరణ సభ గురించి రెండు ముక్కలు చాలు. అధ్యక్షులవారు వేదిక మీద నా చెవిలో ‘ఇంతకీ చివర్లో పెళ్ళవుతుందా?’ అని అడిగారు. ఆ రోజు అమ్మినవి 61, ఊరికే ఇచ్చినవి 83.

ఈ ఊరికే ఇవ్వడమనే జబ్బు గురించి మాత్రం మీతో తీరిగ్గా మాట్లాడాలి. ‘పదిమంది చేతుల్లో పడితేనే కదా పేరు’ అని ఒకాయన సలహా. సభ తర్వాత ఇంకో 112 పంచాను. మొత్తం 195. ‘ఆత్మీయతతో’ అని రాసి, సంతకం పెట్టి, తేదీ వేసి, కొందరికి పోస్టు ఖర్చు కూడా పెట్టుకుని పంపాను. తీసుకున్న ప్రతివాళ్ళూ ‘తప్పకుండా చదువుతాను’ అన్నారు. ఆ మాటతో నాకూ వాళ్ళకూ మధ్య ఒక బాకీ మొదలైంది. బాకీపడ్డవాడు అప్పిచ్చినవాణ్ణి చూసి ఏం చేస్తాడు? తప్పుకు తిరుగుతాడు. రోజూ ఎదురుపడి పలకరించే మనిషి ఇప్పుడు నన్ను దూరం నుంచి చూడగానే ఫోన్ చెవికి పెట్టుకుంటున్నాడు. ఆ ఫోన్ మోగలేదని ఇద్దరికీ తెలుసు. పుస్తకం ఇవ్వకపోయి ఉంటే ఇప్పటికీ నాకొక స్నేహితుడు ఉండేవాడు.

కొన్నవాళ్ళ తీరు వేరు. ఆ 135 మందిలో ఓ ఇరవైమంది ఫోన్ చేశారు. సగంమంది మెచ్చుకున్నారు, సగంమంది దులిపేశారు. పన్నీరు సంగతి పట్టుకున్నది వాళ్ళే. జేబులోంచి డబ్బు తీసిన మనిషి చివరిదాకా చదువుతాడు, కనీసం తిట్టడానికైనా. ఊరికే తీసుకున్న 195 మందిలో ఫోన్ చేసింది ఒక్కరే. అదీ ఇంకో కాపీ ఉంటుందా అని.

షాపుల సంగతి మీకు బాగా తెలుసు, మీలో కొందరు ప్రయాణం చేసి వచ్చినవాళ్ళే. 200 కాపీలు పంపాను. కవర్ మీది ధరలో 40 శాతం దాకా షాపుకు పోతుంది, మధ్యలో పంపిణీదారు ఉంటే సగం దాటొచ్చు. మిగిలినదాంట్లోనే అచ్చు ఖర్చు, నా కీర్తి సర్దుకోవాలి. ఈ భాగం నేను ధర నిర్ణయించాక విన్నాను. అమ్ముడుపోనివి వెనక్కి ఇచ్చేయొచ్చన్న షరతు మరీ ముచ్చటైనది. 1930ల ఆర్థిక మాంద్యంలో అమెరికా ప్రచురణకర్తలు, షాపులవాళ్ళు జంకకుండా కాపీలు పెట్టుకోవాలని ‘అమ్ముడుపోకపోతే మేమే తీసుకుంటాం’ అంటూ మొదలుపెట్టారు. మాంద్యం పోయింది, షరతు ఉండిపోయింది. నా 200లో 43 అమ్ముడుపోయి 157 తిరిగొచ్చాయి. రవాణా నాదే. తొమ్మిదింటికి మూలలు నలిగి, తడిసి, చివరికి పారేయాల్సి వచ్చింది. ఆ తొమ్మిదీ ఎవరో చదివి చదివి నలిపి ఉంటారని నాకు నేను చెప్పుకున్నాను. మీరు నవ్వినట్టు అనిపించింది, అట్ట చప్పుడేమో.

ఈ మధ్యలో ఒక ప్రచురణ సంస్థ నుంచి ఉత్తరం వచ్చింది. వేల రచనల్లోంచి నా తర్వాతి నవలను ఎంపిక చేశారట. పెట్టుబడి మాత్రం నాదట. అప్పటికి అది నేనింకా రాయనే లేదు.

మార్కెటింగ్ గురువుగారి తరగతికి కూడా వెళ్ళాను. ‘రచయిత అంటే మనిషి కాదు, బ్రాండ్’ అన్నాడాయన. ఆయన రాసింది ఒకే పుస్తకం, పుస్తకాలు అమ్మడం ఎలా అని. అది బాగా అమ్ముడుపోతోంది. నేనే రెండు కొన్నాను. ఆయన చెప్పినట్టే ఒక ఆదివారం ఉదయం నలుగురు స్నేహితుల చేత ఒకే గంటలో ఆన్‌లైన్‌లో నవల కొనిపించాను. ఎవరూ తొంగిచూడని ఒక మూల ఉపవిభాగంలో నాది నంబర్ వన్ అయింది. స్క్రీన్‌షాట్ తీసేలోపు మూడుకి దిగింది. అయినా నా పేరు కింద ఇప్పుడు ‘బెస్ట్‌సెల్లింగ్ రచయిత’ అని ఉంటుంది. మొత్తం ఆన్‌లైన్‌లో అమ్మినవి ఆ నాలుగుతో కలిపి 31.

ఈబుక్ పెడితే పెట్టెలే ఉండవన్నారు. మీకు కోపం రావచ్చు గానీ అదీ చేశాను. 2015 జూలైలో అమెజాన్ వారి ఈబుక్ చందా వేదిక కిండిల్ అన్‌లిమిటెడ్ ఒక పద్ధతి తెచ్చింది. అప్పటినుంచి అందులో రచయితకు పాఠకులు చదివిన పేజీల లెక్కన డబ్బు ఇస్తారు. అలాంటి చందా వేదిక ఒకదాంట్లో నా నవల చేరింది. మొదటి నెల రిపోర్టు: 19 పేజీలు. ఒక్కరే 19 పేజీలు చదివారా, 19 మంది తలా ఒక పేజీ చదివి పారిపోయారా అన్నది అందులో ఉండదు. ఆ నెలంతా నిద్రపట్టలేదు. మీతో ఆ టెన్షన్ లేదు. మీలో ఉన్నవాటిని ఎవ్వరూ చదవలేదని ఖాయంగా తెలుసు.

అలాంటి రాత్రుల్లోనే నాకు అమెరికన్ రచయిత థోరో తోడు దొరికాడు. 1849లో ఆయన మొదటి పుస్తకం 1000 కాపీలు వేశారు, ఖర్చు బాధ్యత ఆయనదే. 1853లో ప్రచురణకర్త, ఇక్కడ చోటు లేదు తీసుకుపో అని 706 కాపీలు బండిలో ఎక్కించి పంపాడు. వాటిని రెండంతస్తులు తన వీపు మీదే మోసి, ఆ సాయంత్రం డైరీలో ఏం రాసుకున్నాడంటే, తన దగ్గర ఇప్పుడు దాదాపు 900 పుస్తకాల లైబ్రరీ ఉందట, అందులో 700 పైచిలుకు తను రాసినవేనట! అది చదివి లేచి మిమ్మల్ని మళ్ళీ లెక్కపెట్టాను. ఆయనకు 706, నాకు 661. నలభై అయిదు కాపీలు ముందున్నాను! ఆ సంబరంలో ఆయన లెక్క పూర్తిగా చూశాను. ఆయన అమ్మినవి 219, ఊరికే ఇచ్చినవి 75. నన్ను గెలిపించింది నా ధర్మగుణమే.

తర్వాత ఇంకొకావిడ గురించి చదివి కాస్త నొచ్చుకున్నాను. ఇంగ్లీషు పిల్లల రచయిత్రి బియాట్రిక్స్ పాటర్ తన కుందేలు కథను ప్రచురణకర్తలు వద్దంటే, 1901 డిసెంబరులో సొంత డబ్బుతో వేసుకుంది. ఎన్ని? 250. అవి అయిపోయాక ఇంకో 200. ఆ తర్వాతి అక్టోబరుకు, మొదట వద్దన్న ప్రచురణకర్తల్లోనే ఒకరు దాన్ని తెచ్చారు. ఆవిడకు చీటీ మీద రెండో అంకె చూపించేవాడు దొరకలేదో, దొరికినా ఆవిడ చూడలేదో.

అసలు విషయానికి వస్తాను. తిట్టడానికి కాదు, ఒక సాయం అడగడానికి ఈ ఉత్తరం. రెండో నవల పూర్తయింది. ఎడిటర్‌కు ఇచ్చాను, నలభై పేజీలు పోయాయి. కవర్ మామూలుదే. ఒక కాగితం తీసుకుని ఈ నవలను డబ్బిచ్చి కొంటారనుకున్నవాళ్ళ పేర్లు రాశాను. మొదటిది కొని ఫోన్ చేసిన ఇరవైమంది, తిట్టినవాళ్ళతో సహా, ముందు వరసలో ఉన్నారు. జాబితా 74 దగ్గర ఆగింది. ఇంకో 26 ఆశకు కలిపాను. ప్లేట్ల బాధ లేని డిజిటల్ ప్రింటింగ్‌లో వంద చాలన్నాను. ‘కాపీకి చాలా ఎక్కువ పడుతుంది కదండీ, ఇంకాస్త వేస్తే...’ అంటూ ప్రెస్సాయన చీటీ నా వైపు తిప్పబోయాడు. మీరు గుర్తొచ్చి, అది తిరగకుండా చెయ్యి అడ్డం పెట్టాను.

వచ్చే వారం రెండు పెట్టెలు వస్తాయి. మంచం కింద తలగడ వైపు కాస్త జరగండి.

ఇట్లు,
మీ పైన పడుకునే రచయిత