దొంగ తుపాకీకి దొర సంతకం

‘లార్డ్ ఆఫ్ వార్’ సినిమాలో ఒక సీను ఉంది. నడిసముద్రంలో ఆయుధాలతో వెళ్తున్న ఓడను పట్టుకోవడానికి ఇంటర్‌పోల్ వాళ్లు వస్తున్నారని కబురందుతుంది. వ్యాపారి యూరి ఓర్లోవ్ మనుషులను తాళ్లతో ఓడ పక్కకు దింపి, పాత పేరు చెరిపించి కొత్త పేరు రాయిస్తాడు. కొత్త పేరుకు నెదర్లాండ్స్ జెండా కావాలి, అది దొరకదు. చేతిలో ఉన్న ఫ్రాన్స్ జెండానే అడ్డంగా తిప్పి కట్టించేస్తాడు. చూసేవాళ్లకు నవ్వాగదు.

విశాఖలో కాస్త పెద్దవాళ్లకు ఇది మరీ సినిమా ముచ్చటేమీ కాదు. 1993 జనవరిలో శ్రీలంక తమిళ సాయుధ సంస్థ ఎల్టీటీఈ నాయకుడు కిట్టు వస్తున్న ఓడను మనవాళ్లు బంగాళాఖాతంలో అడ్డుకున్నారు. దాని అసలు పేరు ‘యహతా’. ఇంగ్లిష్ పేరులో మొదటి అక్షరం, చివరి అక్షరం రంగుతో కప్పేసి దాన్ని ‘అహత్’ చేశారు. ఓడ పేలి, కాలి, మునిగిపోయింది. కిట్టు చనిపోయాడు. ప్రాణాలతో దొరికిన సిబ్బంది మీద విచారణ జరిగింది మన విశాఖపట్నం కోర్టులోనే.

ఆండ్రూ నికోల్ తీసిన ఈ సినిమా వచ్చింది 2005లో. ఇరవై ఏళ్లు దాటినా మన కుర్రాళ్లు ఇప్పటికీ ఫోన్లలో చూస్తున్నారు, అందులోని డైలాగులతో రీల్స్ చేస్తున్నారు. సినిమాలో మాకు నచ్చనిదీ అదే. నికోలస్ కేజ్ పాత్ర మరీ అందంగా, మరీ చమత్కారంగా మాట్లాడుతుంది. అతను అమ్మిన తూటాలకు బలైన ఆఫ్రికా జనం చివరిదాకా పేర్లు లేని గుంపుగానే మిగిలిపోతారు. తుపాకీ ఎంత పెద్దదైతే అంత పెద్ద ఈల వేసే అలవాటు మన థియేటర్లకూ ఉంది కాబట్టి ఈ తప్పును హాలీవుడ్ నెత్తిన మాత్రమే రుద్దలేం. అయినా సినిమా ఒక నిజాన్ని మొహమాటం లేకుండా చెప్పింది. దొంగ ఆయుధం దొంగగా పుట్టదు. ఏదో ఒక ప్రభుత్వ కర్మాగారంలో, లెక్క ప్రకారం, సంతకంతో పుడుతుంది. షూటింగ్‌కు ఉత్తుత్తి తుపాకులు చేయించడం కంటే మూడు వేల అసలు తుపాకులు కొనడమే చవకగా వచ్చిందని దర్శకుడే చెప్పాడంటే, సరుకు ఎంత పోగుపడి ఉందో ఊహించుకోవచ్చు.

కథలో యూరికి దశ తిరిగేది 1991లో, సోవియట్ యూనియన్ కూలినప్పుడు. ఉక్రెయిన్‌లో సైనిక జనరల్‌గా ఉన్న సొంత బాబాయే గోదాముల తలుపులు తెరుస్తాడు. ఆ సోవియట్ సరుకు ఎలా ఉంటుందో చూడాలంటే మనం ఆర్కే బీచ్ దాటి వెళ్లనక్కర్లేదు. అక్కడ మ్యూజియంగా పెట్టిన కుర్సురా జలాంతర్గామిలో తల వంచుకుని గుండ్రటి తలుపుల్లోంచి దూరుతూ, టార్పెడో గొట్టాల దగ్గర సెల్ఫీలు దిగే పిల్లలకు అది తెలిసిందే. కుర్సురా మన నౌకాదళంలో చేరింది 1969 డిసెంబరులో, అప్పటి సోవియట్ యూనియన్‌లోని రీగా రేవులో. అది రెండు ప్రభుత్వాల మధ్య పద్ధతిగా జరిగిన వ్యవహారం. దాదాపు 26 ఏళ్ల తర్వాత, 1995 డిసెంబరు 17 రాత్రి, పశ్చిమ బెంగాల్‌లోని పురూలియా జిల్లా మీద ఒక సోవియట్ తయారీ ఆంటొనోవ్ విమానం వందల కొద్దీ ఏకే-47లను, లక్షల తూటాలను పారాచూట్లతో జారవిడిచింది. దాన్ని నడిపినవాళ్లు లాత్వియా వాళ్లు. ఆ దేశ రాజధాని రీగా.

పురూలియా సరుకు బల్గేరియాలోని బుర్గాస్‌లో ఎక్కింది. కాగితాల మీద కొనుగోలుదారు బంగ్లాదేశ్. ఈ వ్యాపారంలో తుపాకీ కంటే విలువైనది ఆ కాగితమే. ‘ఈ ఆయుధాలు మేమే వాడతాం, ఇంకెవరికీ ఇవ్వం’ అని కొనే దేశం రాసిచ్చే ఎండ్ యూజర్ సర్టిఫికెట్ అది. సర్టిఫికెట్ ఉంటే సరుకు సక్రమం, లేకపోతే అక్రమం. ఆ సంతకం దొంగదో, దొరదో, డబ్బు తిని పెట్టిందో గోదాము దగ్గర అడిగేవాడు ఉండడు. ఆ విమానం వారణాసిలో దిగి ఇంధనం నింపుకుని మరీ వెళ్లింది. దిగ్గున లేచి అడిగిన అధికారి ఒక్కడూ లేడు.

ప్రధాన నిందితుడు కిమ్ డేవీ ముంబయి విమానాశ్రయం నుంచే మాయమై డెన్మార్క్ చేరాడు. అతన్ని మనకు అప్పగించేది లేదని అక్కడి కోర్టులు 2011లో ఒకసారి, 2024లో మరోసారి తేల్చేశాయి. పాడేరు ఏజెన్సీలో అడవి పందుల కోసం ఇంట్లో నాటు తుపాకీ పెట్టుకున్న గిరిజనుడు మాత్రం దొరికిన రోజే ఆయుధాల చట్టం కింద లోపలికి వెళ్తాడు.

యూరి పాత్రకు కొంత మూలం రష్యన్ వ్యాపారి విక్టర్ బౌట్ అంటారు. బౌట్ 2008లో బ్యాంకాక్‌లో దొరికాడు. 2012లో న్యూయార్క్ కోర్టు పాతికేళ్ల శిక్ష వేసింది. 2022 డిసెంబరులో ఒక అమెరికన్ బాస్కెట్‌బాల్ క్రీడాకారిణి కోసం అతన్ని మార్పిడి చేశారు. మరుసటి ఏడాదే ఎన్నికల్లో గెలిచి ఉల్యనోవ్‌స్క్ ప్రాంతీయ శాసనసభలో కూర్చున్నాడు. ఇది కథగా రాసుకెళ్తే ఏ నిర్మాతైనా ‘మరీ అతిగా ఉంది’ అని వెనక్కి పంపేవాడు.

ఇక మన ఊరి సంగతి. విశాఖ ఇప్పుడు ఆయుధాలు చూసి మురిసిపోయే ఊరు మాత్రమే కాదు, తయారుచేసి పంపే ఊరు. ఇక్కడి నౌకాదళ ఆయుధ పరిశోధన సంస్థ ఎన్ఎస్‌టీఎల్ రూపొందించిన ‘శ్యేన’ తేలికపాటి టార్పెడో 2019లో మయన్మార్‌కు వెళ్లింది. మన హిందుస్థాన్ షిప్‌యార్డ్ మరమ్మతు చేసిన సింధువీర్ జలాంతర్గామిని 2020లో అదే దేశానికి ఇచ్చాం. 2021 ఫిబ్రవరి 1న అక్కడి సైన్యం ఎన్నికైన ప్రభుత్వాన్ని కూలదోసి సొంత ప్రజల మీదే తుపాకులు ఎక్కుపెట్టింది. ఆ జూన్‌లో మయన్మార్‌కు ఆయుధాలు చేరకుండా చూడాలని ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ తీర్మానిస్తే భారత్ ఓటింగ్‌కు దూరంగా ఉంది. టార్పెడోతో ఊళ్లు తగలబెట్టలేరు, నిజమే. పక్కనే చైనా కాచుకుని కూర్చుంది, అదీ నిజమే. ఆ అమ్మకాల్లో చట్టవిరుద్ధం ఏమీ లేదు. కానీ కొన్నవాడు మారిపోయినప్పుడు అమ్మినవాడు ఏం చేయాలన్న చర్చ ఢిల్లీలో జరిగిన దాఖలా లేదు. ఆ సరుకు తయారైన ఈ ఊళ్లో అసలే జరగలేదు.

2024-25లో మన రక్షణ ఎగుమతులు రూ.23,622 కోట్లకు చేరాయి. 2029 నాటికి రూ.50,000 కోట్లు లక్ష్యం. ఇందులో విశాఖ ఇంజినీర్ల, వెల్డర్ల, చిన్న వర్క్‌షాపుల చెమట ఉంది. ఆ ఉపాధి మీద మాకేమీ అభ్యంతరం లేదు. మొత్తం అంకె మాత్రం ఏటా ఘనంగా ప్రకటించి, ఏ దేశానికి ఏం అమ్మారని పార్లమెంటులో అడిగితే ‘వ్యూహాత్మక కారణాలు’ అని దాటవేయడం మీదే అభ్యంతరం. మన ఫిరంగి గుండ్లు ఐరోపా కొనుగోలుదారుల ద్వారా ఉక్రెయిన్‌కు చేరాయని 2024లో వార్తలు వచ్చినప్పుడు విదేశాంగ శాఖ ఖండించి ఊరుకుంది. సరుకు ఎక్కడుందో వెళ్లి చూసి వచ్చే పద్ధతి గట్టిగా ఉంటే ఆ ఖండనకు బలం ఉండేది. 2013 నాటి అంతర్జాతీయ ఆయుధ వ్యాపార ఒప్పందంలో మనం చేరలేదు. అది అమ్మే దేశాలకు అనుకూలంగా ఉందని అప్పట్లో మన వాదన. ఇప్పుడు మనమూ అమ్మే దేశమే కాబట్టి ఆ వాదనను మళ్లీ తిరగేసి చూడాలి.

దేశాలవారీ జాబితాను కనీసం పార్లమెంటులోని రక్షణ శాఖ స్థాయీ సంఘం ముందైనా పెట్టాలి. పంపిన ప్రధాన ఆయుధాలను కొన్న దేశంలో రెండు మూడేళ్లకోసారి మన రాయబార కార్యాలయ అధికారులు వెళ్లి తనిఖీ చేయాలి. ప్రభుత్వం మారిన చోట విడిభాగాల సరఫరాను మళ్లీ సమీక్షించాలి. రాబోయే సమావేశాల్లో ఈ ప్రశ్న విశాఖ ఎంపీ నోటి నుంచి వస్తే బాగుంటుంది. శ్యేన మన సరుకు, లెక్క అడిగే హక్కు మనకు ఇంకొంచెం ఎక్కువే.