సముద్రం ఉండగా గుండెకేం భయం

విశాఖపట్నం వాళ్ళ గుండెకి ఏమీ అవ్వదు, ఇది చాలా సీరియస్‌గా చెప్తున్న మాట, ఎందుకంటే మనకి సముద్రం ఉంది. హైదరాబాద్ వాడు పాపం జిమ్ముకి డబ్బులు కట్టి ట్రెడ్‌మిల్ మీద చెమటలు కక్కాలి, విజయవాడ వాడికి ఆ ఎండలో బయటకి రావడమే గొప్ప, మనం మాత్రం పొద్దున్నే ఆర్కే బీచ్‌లో గాలి పీలిస్తే సగం పని అయిపోయినట్టే. గాలి పీల్చినందుకు టిఫిన్ తినేస్తే మిగతా సగమూ అయిపోద్ది.

ముందు వాకింగ్ సంగతి. బీచ్ రోడ్డులో పొద్దున్నపూట కాసేపు వాకర్ల కోసం బండ్లు ఆపేస్తారు కదా, ఆ సదుపాయాన్ని ఎలా వాడుకోవాలంటే, ఎంవీపీ కాలనీ నుంచో సీతమ్మధార నుంచో కారేసుకుని రావాలి, బారికేడ్‌కి ఆనుకుని పార్కింగ్ దొరుకుతుందేమో చూడాలి, దొరక్కపోతే ఇంకో రౌండు కొట్టాలి, అంతేగానీ ఎక్కడో దూరంగా పెట్టి నడుచుకుంటూ రాకూడదు, వాకింగ్‌కి నడిచి వచ్చేవాడిని బ్యాచ్‌లో ఎవరూ గౌరవించరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళు పెద్దవాళ్ళకి వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం కావాలన్నారు. ఓ మోస్తరు అంటే మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేనంత ఆయాసం రావాలి, అదీ కొలత. మన బ్యాచ్ స్పీడుకి పాటేం ఖర్మ, కచేరీ పెట్టొచ్చు. కురుసుర సబ్‌మెరైన్ దగ్గర మొదలైన డిస్కషన్ భోగాపురం ఎయిర్‌పోర్టు పక్కన గజం ఎంత పలుకుతోంది అన్న దగ్గరకి వచ్చేసరికి అందరూ నిలబడిపోతారు, నడుస్తూ మాట్లాడే విషయం కాదు కదా అది. రేటు వినగానే గుండె దడదడలాడుద్ది కాబట్టి దాన్ని కార్డియో, అంటే గుండెకి చేయించే వ్యాయామం కింద రాసుకోవచ్చని నా అభిప్రాయం.

అయినా వారం వారం లెక్క పెట్టుకోవడం మన వంటికి పడదు, మనది హోల్‌సేల్ పద్ధతి. ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణ, దగ్గర దగ్గర 32 కిలోమీటర్లు, కొండ కింద మొదటి మెట్టు, అదే తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరితే ఒక్క రాత్రిలో సంవత్సరం కోటా క్లియర్. మర్నాటి నుంచి వచ్చే ఆషాఢం దాకా సందు చివరి కిరాణా షాపుకైనా స్కూటీయే.

లండన్‌లో జెర్రీ మోరిస్ అని ఒక డాక్టరు గారు ఉండేవారు, 1953లో ఆయన డబుల్ డెక్కర్ బస్సుల్లో పనిచేసే వాళ్ళ లెక్కలు తీసి అచ్చేశారు, రోజంతా సీట్లో కూర్చునే డ్రైవర్ల కంటే పైకీ కిందకీ మెట్లెక్కి దిగే కండక్టర్లకి గుండె జబ్బులు తక్కువున్నాయని తేలింది. ఇది చదివి మనవాళ్ళు నేర్చుకున్నదేంటంటే, కండక్టర్ ఉద్యోగం మంచిది. మన అపార్ట్‌మెంట్‌లో మాత్రం రెండో అంతస్తుకి లిఫ్ట్ కోసం ఐదు నిమిషాలైనా నిలబడతాం, అది పాడైతే అసోసియేషన్ గ్రూపులో యుద్ధం, అందులో అందరికంటే గట్టిగా అరిచేది పొద్దున్న బీచ్‌లో పదివేల అడుగులు వేశానని స్క్రీన్‌షాట్ పెట్టినాయనే.

ఇక ఆహారం. వాకింగ్ అయ్యాక రోడ్డు పక్కన రాగి జావ, కాకరకాయ జ్యూస్, గోధుమగడ్డి జ్యూస్, మొలకలు అమ్ముతారు. ఇవి మందుల్లాంటివి, ముక్కు మూసుకుని తాగెయ్యాలి. ఆ చేదు నాలుక మీద ఉండగానే పక్క వీధిలో టిఫిన్ బండి దగ్గరకి చేరాలి, చేదుకి విరుగుడు నెయ్యి కారం దోశే. జావ తాగాం కాబట్టి దోశ, దోశ తిన్నాం కాబట్టి రేపు మళ్ళీ వాకింగ్, ఈ చక్రం ఆగకుండా తిరగడమే ఆరోగ్యం. సాయంత్రం బీచ్‌లో బజ్జీల నూనె గురించి కొందరు గొణుగుతుంటారు, పదే పదే మరిగించిన నూనెలో అది పాడయ్యే కొద్దీ పెరిగే పోలార్ కాంపౌండ్స్ అనేవి 25 శాతం దాటితే ఇక వాడకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ రూలు కూడా ఉంది. కానీ బండి దగ్గర నూనె ఎంత నల్లగా ఉంటే బజ్జీ అంత ఎర్రగా వస్తుందని మనకి అనుభవం మీద తెలుసు, అనుభవం ముందు రూలెంత. మరీ డైటింగ్‌లో ఉన్నవాళ్ళకి మరమరాలతో కలిపే మురీ మిక్చర్ ఉండనే ఉంది, అందులో ఉల్లిపాయ, టమాటా వేస్తారు కాబట్టి అది సలాడ్.

ఉప్పు రోజుకి 5 గ్రాముల లోపు ఉండాలట, అంటే ఒక టీస్పూన్. మా ఇంట్లో కూరలో ఉప్పు బాగా తగ్గించేశారు, చప్పగా ఉందని దాంట్లోకి ఆవకాయ నంజుకుంటున్నాం, పప్పులోకి అప్పడాలు, పెరుగులోకి ఊర మిరపకాయలు, ఆదివారం ఎండు చేప. ఇవన్నీ సంప్రదాయం కిందకి వస్తాయి గానీ ఉప్పు కిందకి రావు, డాక్టరు గారు అడిగినప్పుడు కూరలో ఎంత వేస్తున్నారు అని మాత్రమే అడిగారు.

సిగరెట్ మానేశావా అంటే, మానేసినట్టే, రోజుకి ఒక్కటే అంటాడు ప్రతివాడూ. దీని మీద 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పెద్ద పరిశీలన వచ్చింది, రోజుకి 20 కాల్చేవాడికి గుండె జబ్బు విషయంలో ఎంత అదనపు ముప్పో, ఒక్కటే కాల్చేవాడికీ అందులో దాదాపు సగం ఉంటుందని. అంటే పందొమ్మిది మానేస్తే సగం మాత్రమే తగ్గింది. ఇది చాలా అన్యాయమైన లెక్క, దీని మీద టీ కొట్టు దగ్గర తీవ్ర నిరసన వ్యక్తం చేస్తూ ఇంకోటి వెలిగించారు. నిద్ర గురించి ఏం చెప్తాం, ఏడు గంటలు పడుకోమంటారు, ఒంటిగంట దాకా రీల్స్ చూసి నాలుగున్నరకి వాకింగ్ బ్యాచ్ కాల్ ఎత్తేవాడికి క్రమశిక్షణ మీద లెక్చర్ అవసరమా?

అన్నిటికంటే మన ఊళ్ళో గట్టి రక్షణ ఏంటంటే, ఇక్కడ ఎవరికీ గుండెపోటు రాదు, గ్యాస్ పడుతుంది. ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్టుంది, ఎడమ చెయ్యి లాగుతోంది, దవడ నొప్పి, చల్లటి చెమటలు, అయినా గ్యాసే. ఇంట్లో అందరూ చుట్టూ చేరతారు. "ఏటి బావా, రాత్రి బిర్యానీ గానీ తిన్నావేటి?" అని బావమరిది. వాము నీళ్ళు ఒకరు, నిమ్మసోడా ఒకరు, వీపు రాసేది ఒకరు. ఆడవాళ్ళకీ షుగర్ ఉన్నవాళ్ళకీ ఒక్కోసారి నొప్పే తెలీకుండా ఊరికే ఆయాసం, నీరసంతోనే గుండెపోటు వచ్చెయ్యొచ్చని డాక్టర్లు అంటారు గానీ, ఇంటి ఇల్లాలు నీరసంగా ఉందంటే దానికి మందు ఇంకో కప్పు కాఫీ, అదీ ఆవిడే పెట్టుకోవాలి. 108కి ఫోన్ చేద్దాం అని కుర్రాడెవడైనా అంటే వాడి మీద అందరూ ఎగిరిపడతారు, అంబులెన్స్ వీధిలోకొస్తే నలుగురూ ఏమనుకుంటారు, అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం, అంత అర్జెంటయితే నేనే బండి మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్తా, ముందు సోడా పని చేస్తుందేమో చూద్దాం అంటాడు బావమరిది, గోడ గడియారం చూస్తూ ఒక పావుగంట టైమిచ్చి.